20 ముర్రా గేదెలతో డెయిరీ: ఈ ప్రాజెక్టు రిపోర్టు లెక్క నిలుస్తుందా?

బోరుకింద_4ఎకరాలు:
అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర 4 ఎకరాల మాగాణి ఉంది. బోరులో రెండున్నర అంగుళాల నీళ్లు, వేసవిలో ఒక అంగుళం తగ్గుతుంది. 20 ముర్రా గేదెలను హర్యానా నుంచి ఒకేసారి తెచ్చి డెయిరీ పెట్టాలని ఆలోచన. బ్యాంకు లోను 20 లక్షలు, ఐదేళ్లు, పదిన్నర శాతం వడ్డీ.

రిపోర్టు రాసిచ్చినాయన లెక్క ఇదీ: 20 గేదెలు × రోజుకు 12 లీటర్లు × 60 రూపాయలు = రోజుకు 14,400. నెలకు 4,32,000 రాబడి, 2,40,000 ఖర్చు, మిగులు 1,92,000. పాలు ఊళ్లో కేంద్రానికే పోయాలనుకుంటున్నా, గుంటూరు 45 కిలోమీటర్లు. కొట్టం పని మొదలుపెట్టక ముందే తెలిసినవాళ్లు ఒకసారి చూసి చెప్పండి. మేత నాలుగెకరాల్లో సరిపోతుందా?

కిలోఫ్యాట్:
కొట్టం పని ఆపి అడిగారు, మంచి పని చేశారు. ఆ రిపోర్టులో గేదె 365 రోజులూ 12 లీటర్లు ఇస్తోంది. అలాంటి గేదె ఎక్కడా లేదు.

12 లీటర్లు అనేది ఈనిన రెండో నెలలో వచ్చే గరిష్ఠం. మంచి ముర్రా ఒక ఈతకు, అంటే ఒకసారి ఈనాక, 300 రోజుల్లో 2,200 లీటర్లు ఇస్తుందనుకోండి. ఈతకీ ఈతకీ మధ్య మామూలు కొట్టాల్లో 450 రోజులు పడుతుంది. 2,200ని 450తో భాగించండి. మేపిన ప్రతి రోజుకీ తలకు 4.9 లీటర్లు. 20 గేదెలకు రోజుకు 98 లీటర్లు. రిపోర్టులో 240 ఉంది. ఏ రోజు చూసినా 13 పాలిస్తుంటాయి, 7 ఒట్టిపోయి ఉంటాయి. ఆ ఏడూ తింటూనే ఉంటాయి.

ఇక రేటు. గేదె పాలకు కేంద్రంలో లీటరు లెక్క ఉండదు, కిలో వెన్న లెక్క. కిలో ఫ్యాటుకు 760 ఇస్తున్నారనుకుంటే 7 శాతం వెన్న ఉన్న పాలు కిలో 53 రూపాయల 20 పైసలు, 6 శాతమైతే 45 రూపాయల 60 పైసలు. ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) 9 శాతం కన్నా తగ్గితే కోత వేరే. రేటు మీ కేంద్రంలో కనుక్కొని మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

రోజు ఖర్చు చూడండి. దాణా కిలో 28, సొంత పచ్చిమేత కిలో 2, వరిగడ్డి కిలో 6 అనుకుందాం. పాలిచ్చే గేదెకు దాణా 5.2 కిలోలు, పచ్చిమేత 25, ఎండుగడ్డి 5, మినరల్ మిక్చర్ 50 గ్రాములు కలిపి సుమారు 230 రూపాయలు. ఒట్టిగేదెకు 2 కిలోల దాణాతో 150. 13 × 230, 7 × 150 కలిపితే 4,040. కొట్టంలో ఉండే జంటకు నెలకు 25,000 అంటే రోజుకు 830. మందులు, సూదులు, కరెంటు, బీమా 430. మొత్తం 5,300.

98 లీటర్లలో దూడలకు 6 పోతే అమ్మేది 92. 53 చొప్పున 4,876. లోను కంతు కట్టకముందే రోజుకు 424 నష్టం. 20 లక్షలకు కంతు నెలకు 43,000 పడుతుంది, అది దీనిపైన.

సగం పాలు, అంటే 46 లీటర్లు, నరసరావుపేటలో ఇళ్లకు 80 చొప్పున పోస్తే రాబడి 6,118 అవుతుంది. పంపిణీకి 400 తీస్తే రోజుకు 418 మిగులుతుంది. నెలకు పన్నెండున్నర వేలు. కంతుకి అది కూడా చాలదు.

నేను చెప్పేదేమిటంటే 8 గేదెలతో మొదలుపెట్టండి. 8 గేదెలకు 36 లీటర్ల అమ్మకం, మొత్తం ఇళ్లకే పోస్తే 2,880. మేత 1,600, మందులూ కరెంటూ 200, పెట్రోలు 150. రోజుకు 930 మిగులు. పని ఇంటివాళ్లే చేసుకోవాలి, ఆ కూలి ఇందులోనే ఉంది. 6 లక్షల లోనైతే కంతు 13,000, అది కట్టగలరు. మీ దూడల్లో పెయ్యల్ని పెంచుకుంటూ మూడు నాలుగేళ్లలో 15కి వెళ్లండి. నాబార్డ్ డీఈడీఎస్ సబ్సిడీ వస్తుందని రిపోర్టులో రాసి ఉంటే ఆ పేజీ పక్కన పెట్టేయండి, ఆ పథకం ఇప్పుడు లేదు.

పచ్చిమేత:
మేత సంగతి చెప్తాను. గేదెల్ని తేవడానికి మూడు నెలల ముందే గడ్డి నాటాలి. హైబ్రిడ్ నేపియర్ తొలి కోత 70 నుంచి 75 రోజులకు వస్తుంది. గేదెలు వచ్చాక నాటితే ఆ మూడు నెలలూ గడ్డి కొనే ఖర్చుతోనే చేతిలో డబ్బు అయిపోతుంది.

నాలుగెకరాల్లో రెండున్నర ఎకరాలు నేపియర్ పెట్టండి. సీవో-4, సీవో-5, ఏపీబీఎన్-1 ఏదైనా సరే, ముక్క ఎక్కడ తాజాగా దొరికితే అదే మంచిది. వరుసల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 60, ఎకరాకు 7,500 ముక్కలు. ప్రతి ముక్కకీ రెండు కణుపులు, ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చాలి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మొత్తం ఒకేసారి కోతకు వచ్చి, ఒక వారం గడ్డి మిగిలి, తర్వాత వారం ముదిరి ఊచలవుతుంది. 60 రోజులు దాటిన నేపియర్‌ని చాఫ్ కట్టర్‌లో వేసినా గేదె ఆకు ఏరుకొని కాడ వదిలేస్తుంది. రెండున్నర ఎకరాలు అంటే 250 సెంట్లు. దాన్ని 45 మళ్లు చేయండి, రోజుకు ఐదున్నర సెంట్లు. సెంటుకు కోతకు 100 కిలోల చొప్పున రోజుకు ఐదున్నర క్వింటాళ్లు వస్తాయి. అది 20 గేదెలకే సరిపోతుంది, మీరు 8తో మొదలుపెడితే ఎకరం చాలు. కోసిన మడికి ఆ రోజే కొట్టం కడిగిన నీళ్లు పారించి, వారంలోపు ఎకరా లెక్కన 25 కిలోల యూరియా వేయండి. డిసెంబరు, జనవరిలో చలికి పెరుగుదల సగానికి పడిపోతుంది. ఆ రెండు నెలలకు వేరే ఏర్పాటు ఉండాలి.

ఆ ఏర్పాటే సైలేజి, అంటే గాలి తగలకుండా గుంటలో మాగేసిన పచ్చిమేత. మొక్కజొన్న కంకి పాలు పోసుకొని గట్టిపడే దశలో, 75 నుంచి 85 రోజుల మధ్య, మొక్క మొత్తం కోసి 2 సెంటీమీటర్ల ముక్కలు చేసి గుంటలో ట్రాక్టరు తొక్కించాలి. పిడికిట్లో గట్టిగా పిసికి చూడండి. నీళ్లు కారితే ఇంకా పచ్చి, వదలగానే విడిపోతే ఎండిపోయింది, ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరైన తేమ. ఘనపు మీటరుకు 550 నుంచి 600 కిలోలు పడుతుంది. 8 గేదెలకు రోజుకు 15 కిలోల చొప్పున 90 రోజులకు 11 టన్నులు, అంటే 20 ఘనపు మీటర్ల గుంట. ప్లాస్టిక్ పట్టా కింద ఎలుక చేసిన ఒక్క రంధ్రం చాలు, చుట్టూ బూజు పడుతుంది. బూజు పట్టింది చూడి గేదెకు వేయొద్దు, ఈసుకుపోయే (కడుపు పోయే) ప్రమాదం ఉంది.

అర ఎకరం హెడ్జ్ లూసర్న్, మన వాళ్లు దశరథ గడ్డి అంటారు, తప్పకుండా పెట్టండి. పచ్చిమేతలో నాలుగో వంతు పప్పుజాతి మేత ఉంటే దాణా కిలో దాకా తగ్గించవచ్చు.

జొన్న వేస్తే పూత రాకముందు మేపొద్దు. నీళ్లు లేక వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకలు మేస్తే నాము (లేత జొన్నలోని సైనైడు విషం) కొడుతుంది, గంటలోపు చచ్చిపోవచ్చు. డాక్టరు వెంటనే సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, ఆ మందు ముందే కొట్టంలో ఉంచుకోవడం మేలు.

దాణా లెక్క: శరీర పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో. సొంతంగా కలుపుకుంటే వంద కిలోలకు మొక్కజొన్న నూక 35, పత్తి చెక్క 20, వేరుశనగ చెక్క 12, నూనె తీసిన తవుడు 30, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. వేరుశనగ చెక్క వానాకాలంలో నెల సరుకు ఒకేసారి కొనొద్దు. బూజు విషం అఫ్లాటాక్సిన్ పాలలోకి కూడా వస్తుంది.

బోరుకింద_4ఎకరాలు:
కిలోఫ్యాట్ గారూ, పచ్చిమేత గారూ, లెక్క అర్థమైంది. 8తోనే మొదలుపెడతాను. ఇళ్లకు పోయడం కూడా చూస్తాను. మరి హర్యానా వెళ్లాలా, ఇక్కడే కొనాలా? కొనేటప్పుడు ఏం చూడాలి? మే నెలలో మా దగ్గర ఎండ ఎక్కువ, అదీ భయంగా ఉంది.

ఎదలెక్క:
8 గేదెలకు అంత దూరం అవసరం లేదండి. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెల్ని ముర్రాతో దాటించగా వచ్చినవి) బాగానే దొరుకుతాయి, మన వరిగడ్డికీ ఎండకీ అలవాటు పడి ఉంటాయి. హర్యానా గేదె అక్కడ గోధుమ పొట్టు, బర్సీమ్ పచ్చిమేత తిని పెరుగుతుంది. నాలుగు రోజులు లారీలో నిలబడి వచ్చాక తొలి రెండు మూడు వారాలు పాలు బాగా తగ్గుతాయి, మేత మార్పు కూడా పది పదిహేను రోజులు మెల్లగా చేయాలి.

ఎక్కడ కొన్నా రెండో ఈత లేదా మూడో ఈత, ఈని 15 నుంచి 20 రోజులు, వెంట సొంత దూడ. దూడ దానిదో కాదో చూడండి, పక్కన వదిలితే గేదె వాసన చూసి నాకుతుంది. అమ్మేవాళ్లు ఒక పూట పితక్కుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తారు. అందుకని ముందు రాత్రి మీ ఎదుటే పూర్తిగా పితికించండి. ఆ తర్వాత వరసగా మూడు పూటలు పితికించి తూచాలి. నాలుగు చన్నుల తొలి ధారలూ నల్లటి పళ్లెంలో పట్టి తునకలున్నాయేమో చూసి, పొదుగువాపును పట్టే సీఎంటీ ద్రావణంతో పరీక్షించండి. ఒక చన్ను మూసుకుపోయిన గేదెకు పావు ధర తగ్గినా లాభం లేదు. బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అది ఒక్క గేదెలో ఉన్నా మందలో మిగతావీ ఈసుకుపోవచ్చు, పితికే మనుషులకూ అంటుతుంది.

8ని ఒకేసారి కొనకండి. 4 ఇప్పుడు, మరో 4 ఐదు నెలల తర్వాత. గేదెలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు మధ్య ఈనుతాయి, వేసవిలో పాలు బాగా తగ్గిపోతాయి. ఇళ్లకు పోసేవాళ్లు మేలో చేతులెత్తేస్తే జూన్‌లో ఆ ఇళ్లు తిరిగి రావు.

కిలోఫ్యాట్ గారు చెప్పిన 450 రోజుల్ని తగ్గించడంలోనే మీ లాభం ఉంది. గేదె చూడి 310 రోజులు. ఈనిన 90 రోజుల్లో కట్టించగలిగితే 400 రోజులకు మళ్లీ ఈనుతుంది, తలకు రోజుకు 4.9 కాస్తా 5.5 లీటర్లు అవుతుంది. అయితే ముర్రా ఎద మూగ ఎద. ఆవులా అరవదు, ఎక్కదు. పాలు ఒక పూట తగ్గడం, చేపు (పొదుగులోకి పాలు దిగడం) ఆలస్యం కావడం, మాటిమాటికీ మూత్రం, పడుకున్నప్పుడు తీగలా సాగే తెల్లటి స్రావం, ఇవే గుర్తులు. వేసవిలో ఎద ఎక్కువగా రాత్రిపూట వస్తుంది. తెల్లవారుజామున 5కి, రాత్రి 9 దాటాక టార్చి పట్టుకొని వెనక్కి వెళ్లి చూడాలి. సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున, పొద్దున కనిపిస్తే సాయంత్రం చూడి కట్టించే సూది. ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే. సూది వేయించిన మూడు నెలలకు చూడి పరీక్ష తప్పనిసరి, ఎద కనపడలేదు కాబట్టి కట్టిందనుకోవద్దు.

ఎండకు: కొట్టం పొడుగు తూర్పు పడమరలుగా, గేదెకు 40 చదరపు అడుగులు కప్పు కింద, 80 ఆరుబయట. నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ, నీళ్లు పోస్తేనే చల్లబడుతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా అరగంటకోసారి ఒళ్లు తడిసేలా స్ప్రింక్లరు, వెంటనే ఫ్యాను. గాలి ఆడని కొట్టంలో ఫాగర్లు (పొగమంచులా నీళ్లు చిమ్మేవి) పెడితే ఉక్క పెరిగి ఇంకా చెడుతుంది. తాగే నీళ్లు నీడలో ఉండాలి. దాణా చల్లపూట వేయండి.

దూడ బతికితేనే గేదె చేపుతుంది. పుట్టిన రెండు గంటల్లోపు ముర్రుపాలు, 30 కిలోల దూడకు ఆ రోజుకు 3 లీటర్లు. పదో రోజుకు ఏలికపాముల మందు, బర్రె దూడలు ఎక్కువగా చచ్చేది వీటివల్లే. దూడ చచ్చాక పాలకోసం ఆక్సిటోసిన్ సూదులకు అలవాటు చేయొద్దు. కాస్త దాణా ముందు పెట్టి, అదే మనిషి, అదే వేళకు పొదుగు నిమిరి పితికితే చాలా గేదెలు వారం పదిరోజుల్లో చేపుకొస్తాయి.

టీకాలు: గాలికుంటుకు ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపు వానలకు ముందు మే నెలాఖరులో, పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా ఒకేసారి. పితికాక చన్నులు పోవిడోన్ అయోడిన్‌లో ముంచి, అరగంట పడుకోకుండా మేత వేయండి. చన్నురంధ్రం మూసుకోవడానికి ఆ సమయం పడుతుంది, పొదుగువాపు సగం అక్కడే ఆగుతుంది. అత్యవసరానికి 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది.

కిలోఫ్యాట్:
ఇళ్లకు పోయడం గురించి ఒక్క మాట కలుపుతా. పితికిన పాలు మే ఎండలో మూడు నాలుగు గంటల్లో విరుగుతాయి. సాయంత్రం పాలు 4 డిగ్రీలకు చల్లార్చగలిగితేనే మర్నాడు పొద్దున పోయండి, లేదంటే సాయంత్రం పాలు కేంద్రానికి, పొద్దున పాలు ఇళ్లకు అని విడదీయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ, దూడకు తొలి ధారలు వదిలి చివరిదాకా పితకండి. గేదెల్ని కొనకముందు పేటలో 25 ఇళ్లు తిరిగి ఎవరికి ఎన్ని పాలు కావాలో రాసుకోండి. ఆ కాగితం మీద 30 లీటర్లు రాకపోతే 8 కూడా ఎక్కువే, 4 దగ్గర ఆగండి.