రోడ్డు తవ్వేటప్పుడు షీట్లు పరవాలా, తర్వాత ప్యాచ్ వేస్తే సరిపోదా?

చైన్‌బండి:
పైపు వేయడానికి తారు రోడ్డు తవ్వాలి. తవ్వే బండి తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లో ప్లైవుడ్డో పరవాలని టెండర్లో రాస్తున్నారు. ఎలాగూ తవ్వి ప్యాచ్ వేసేదే కదా, ఇంకో నాలుగు గీతలు పడితే కొంప మునిగిందా? షీట్లు పరవడం, ఎత్తడం, జరపడం... సగం రోజు దానికే పోతోంది.

తారుమరక:
మీరు ప్యాచ్ వేసేది పైపు కోసం తవ్విన కాలువ మీద. బండి నిలబడేది కాలువ పక్కన. గొడవంతా ఆ పక్కనున్న రోడ్డు గురించే. జేసీబీ వెనక కాళ్లు దించగానే బోలెడు బరువు రెండు చిన్న ఇనుప పాదాల మీదికి వస్తుంది. ఎండకు మెత్తబడిన తారులో అవి దిగబడతాయి. ఆ పల్లంలో వాన నీళ్లు నిలిచి, పగుళ్ల గుండా కింది కంకర పొరలోకి ఇంకుతాయి. మీరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాక అక్కడ గుంట తేలుతుంది. అది తవ్విన చోటు కాదు కాబట్టి పూడ్చే నాథుడు ఉండడు.

చైన్‌బండి:
కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టాలి, కాదనను. దారంతా పరవడమే అతి అంటున్నా. టైర్ల బదులు ఇనుప చైన్ల మీద నడిచే బండి అయితే, చైన్‌కి రబ్బరు ప్యాడ్లు బిగిస్తే చాలదా?

తారుమరక:
తిన్నగా వెళ్లినంతసేపు చాలు. ఒక చైన్ ఆపి రెండోదానితో ఉన్నచోటే గిర్రున తిప్పితే రబ్బరు ప్యాడ్ కూడా తారును రేపేస్తుంది. ఆపరేటర్ కాస్త వెడల్పుగా తిప్పుకుంటే మీకు మ్యాట్ల ఖర్చూ తగ్గుతుంది. మట్టి పోసే చోట మాత్రం షీట్ తప్పదు. లేకపోతే మట్టి ఎత్తేటప్పుడు బకెట్ పళ్లు రోడ్డును గీకేస్తాయి. డీజిల్ పోసేటప్పుడు కింద ట్రే పెట్టండి, అది తారును కరిగిస్తుంది.

పైపులపని:
షీట్ల మీద ఇంత వాదన చేస్తున్నారు, పూడ్చడం గురించి ఒక్కరూ మాట్లాడరేం? ముందు కట్టర్‌తో గీత కోయకుండా రోడ్డు పగలగొట్టే బ్రేకర్ పెడితే అంచు ఎగుడుదిగుడుగా లేచి, పగులు అవతలికి పాకుతుంది. ఇక మట్టి. 150 మి.మీ. పొరలుగా వేసి ఒక్కో పొరా దిమ్మిస కొట్టాల్సింది పోయి, మొత్తం ఒకేసారి దొర్లించి పైన టైరుతో తొక్కిస్తారు. రెండు వానలకే కుంగుతుంది. డబ్బు తక్కువైతే నా ఓటు దిమ్మిసకే, మ్యాట్లకు కాదు.

నడకదారి:
ఫుట్‌పాత్ మాట ఎవరికీ గుర్తు రాలేదు! అది నడిచేవాళ్ల కోసం కట్టింది, బండి బరువుకు కాదు. కర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) మీదుగా ఎక్కిస్తే ఆ రాయి ఒరుగుతుంది, వెనక పేవర్ బ్లాకులు కుంగుతాయి. అసలు ఆ బ్లాకుల్ని పగలగొట్టడం ఎందుకు? మొదటిది పెకలిస్తే మిగతావి చేత్తోనే వస్తాయి. పక్కన పేర్చి, ఇసుక సమం చేసి మళ్లీ అవే పరవొచ్చు. ఇంకోటి, జనం నడిచే చోట ప్లైవుడ్ వేసి వదిలేయకండి. తడిస్తే జారుతుంది, అంచు లేస్తే కాలికి తగులుతుంది.

చైన్‌బండి:
సరే, తిరిగే చోట, కాళ్ల కింద, మట్టి కింద వేస్తా. దారి పొడవునా అంటే మాత్రం విడి ఐటమ్‌గా రేటు ఇవ్వాలి. ‘రోడ్డు ఉపరితలానికి నష్టం కలగరాదు’ అని ఒక లైను రాసి, ఖర్చంతా మా నెత్తిన రుద్దితే ఎలా?

నడకదారి:
రేటు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ఈలోగా కర్బ్ ఎక్కించడం ఆపండి, దానికి ఐటమ్ అక్కర్లేదు.