ఫుల్ మారథాన్‌లో మొదటి కిలోమీటరు నుంచే నడక విరామాలు తీసుకోవచ్చా?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న అడగడానికి మూడు నెలలుగా తటపటాయిస్తున్నాను.

నాకు 44 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళుగా పరుగెత్తుతున్నాను. ఆరు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశాను. ఆ 21 కిలోమీటర్లకు నా మంచి సమయం 2 గంటల 24 నిమిషాలు. నిరుడు ఆగస్టులో హైదరాబాద్‌లో మొదటిసారి 42 కిలోమీటర్ల ఫుల్‌కు దిగాను. 32వ కిలోమీటరు దాకా కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున తప్పకుండా వచ్చాను. తర్వాత ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుండగా రెండు పిక్కలూ పట్టేశాయి. మిగిలిన పది కిలోమీటర్లూ నడిచాను. దానికే దాదాపు రెండు గంటలు పట్టింది. 5 గంటల 41 నిమిషాలకు గచ్చిబౌలి స్టేడియంలో అడుగుపెట్టాను. మెడలో వేసిన పతకాన్ని ఇంటికి వచ్చాక ఎవరికీ చూపించలేదు.

ఈసారి మొదటి నుంచే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనుకుంటున్నాను. కాళ్ళు బాగున్నా సరే, గడియారం మోగగానే నడుస్తాను. లెక్క కూడా వేసుకున్నాను. కిలోమీటరుకు 7 నిమిషాల వేగంతో నాలుగు నిమిషాలు పరుగెత్తి, 10 నిమిషాల వేగంతో ఒక నిమిషం నడిస్తే, సగటు 7 నిమిషాల 27 సెకన్లు వస్తుంది. అంటే మొత్తం 5 గంటల 14 నిమిషాలు. నిరుటి కంటే 27 నిమిషాలు తక్కువ.

మా బృందంలో పెద్దాయన ఒకరికి ఈ మాట చెబితే, "నడవాలని ముందే అనుకున్నాక మారథాన్ ఎందుకమ్మా, పొద్దున పార్కులో నడవవచ్చు కదా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మీరేమంటారు?

తొలికోడి (విజయనగరం)

అమ్మా, ఆ పెద్దాయన మాట తీరు నాకు నచ్చలేదు, కానీ నేనూ ఆ పక్షమే. వ్యాయామోపాధ్యాయుడిగా 31 ఏళ్ళు పనిచేశాను, పద్నాలుగు ఫుల్‌లు పరుగెత్తాను. నా అభ్యంతరం గౌరవం గురించి కాదు. మీరు జబ్బు ఒకటైతే మందు మరొకటి వేసుకుంటున్నారు.

మీ హాఫ్ సమయం 144 నిమిషాలు. ఒక దూరానికి పట్టిన సమయం నుంచి మరో దూరానికి పట్టే సమయాన్ని అంచనా వేసే పీట్ రీగెల్ సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం రెండింతలు కాదు, సుమారు 2.085 రెట్లు అవుతుంది. అంటే మీకు 300 నిమిషాలు, కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు. అదీ చల్లని వాతావరణంలో, చదునైన దారిలో, సాధన సరిపడా ఉన్నవారికి. మీరు ఆగస్టు ఉక్కలో, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, అంతకంటే వేగంగా పరుగెత్తారు! నడక విరామాలు లేక కాదు, మొదటి పది కిలోమీటర్లు అత్యాశతో వెళ్ళడం వల్ల కాళ్ళు పట్టేశాయి.

ఒక ప్రశ్న. నిరుడు వారానికి ఎన్ని కిలోమీటర్లు చేశారు? అన్నింటికంటే పొడవైన లాంగ్ రన్ ఎంత?

సాగరతీరం

సగటున వారానికి 38. పొడవైనది 26, అదీ ఒక్కసారే.

తొలికోడి

మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంది. వారానికి 38తో ఫుల్ పూర్తి చేయవచ్చు, కానీ 26 తర్వాత శరీరానికి అంతా కొత్త దారే. లాంగ్ రన్‌లు మూడు నాలుగు సార్లు 28, 30 దాకా పోవాలి. మిగిలిన రోజుల్లో పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా పరుగెత్తాలి. మన ఔత్సాహికులు ప్రతి ఉదయాన్నీ పోటీ చేసుకుంటారు. ప్రపంచ స్థాయి పరుగు వీరుల సాధనలో దాదాపు ఎనభై శాతం తేలిక పరుగే ఉంటుందని స్టీఫెన్ సైలర్ వంటి పరిశోధకులు ఏనాడో చూపించారు. అంత వేగం ఉన్నవాళ్ళే నెమ్మదిగా సాధన చేస్తుంటే మనకెందుకు తొందర?

ఇక నడక గురించి. మీరు వేసిన లెక్క నాకే పనికొస్తుంది. సగటు 7:27 వస్తుందన్నారు. మంచిది, 7:27తోనే నిలకడగా పరుగెత్తండి. అదే సమయానికి చేరతారు, దారిలో అరవైకి పైగా సార్లు లయ తెగదు. 30 దాటాక నడక నుంచి మళ్ళీ పరుగు అందుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. అప్పుడు ఒక నిమిషం రెండవుతుంది, రెండు ఐదవుతాయి. మనసుకు ఒకసారి తలుపు తీసి చూపించాక అది మళ్ళీ మళ్ళీ ఆ తలుపు దగ్గరికే పోతుంది. ఇది నా విద్యార్థుల్లో చూశాను, నాలోనూ చూశాను.

డాలస్ తెలుగువాడు

నేను మొదటి రోజు నుంచీ పరుగు-నడక పద్ధతిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇది బద్ధకస్తుల కోసం పుట్టిన పద్ధతి కాదు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్ల పరుగులో అమెరికా తరఫున దిగిన మనిషి. అసలు పరుగే తెలియని పెద్దవాళ్ళకు 1970ల్లో నేర్పుతున్నప్పుడు, గాయపడకుండా ఎక్కువ దూరం వెళ్ళడానికి ఈ దారి కనిపెట్టారు.

తొలికోడి గారి తలుపు మాటకు జవాబు ఇది. అలసిపోయి నడవడం వేరు, అలసట రాకముందే నడవడం వేరు. రెండో కిలోమీటరులో హాయిగా ఉన్నప్పుడు నడవమంటే మనసుకు అసలు ఇష్టం ఉండదు. పక్కనుంచి వందల మంది దాటిపోతుంటారు. అప్పుడు ఆగి నడవడానికే ఎక్కువ నిగ్రహం కావాలి.

ఒక జాగ్రత్త. నడకకు మారేముందు చెయ్యి పైకెత్తి, రోడ్డు అంచుకు జరిగి, అప్పుడు నెమ్మదించండి. నడిమధ్యన ఉన్నట్టుండి ఆగితే వెనకవాళ్ళు మీద పడతారు. ఈ పద్ధతికి వచ్చిన చెడ్డపేరులో సగం ఈ అలవాటు లేనివారి వల్లే వచ్చింది.

గచ్చిబౌలి ఉదయం

1975 బోస్టన్ మారథాన్ గెలిచిన బిల్ రాడ్జర్స్ మధ్యలో నీళ్ళు తాగడానికీ, బూటు లేసు కట్టుకోవడానికీ ఆగాడు. అయినా 2 గంటల 9 నిమిషాల 55 సెకన్లతో అప్పటి అమెరికా రికార్డు రాశాడు. ఆగితే మారథాన్ కాదనేవారు ఆ రికార్డును ఏం చేస్తారు?

తొలికోడి

రాడ్జర్స్ నీళ్ళు తాగడానికి ఆగాడు, నాలుగు నిమిషాలకోసారి కాదు. ఆగితే మారథాన్ కాదని నేనెక్కడా అనలేదు. కటాఫ్ గడువు‌లోపు గీత దాటిన ప్రతి మనిషీ మారథాన్ పూర్తి చేసినట్టే. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. అక్కడ కొండలు వచ్చినప్పుడు గట్టివాళ్ళు కూడా నడుస్తారు. ఎత్తు వస్తే నడవండి, నీళ్ళు తాగేటప్పుడు నడవండి. దారి అడిగినప్పుడు నడవండి, గడియారం అడిగినప్పుడు కాదు.

కృష్ణాతీరం (విజయవాడ)

నేను ఫిజియోథెరపిస్టును. పరుగు పోటీల్లో సహాయ శిబిరాల దగ్గర చాలాసార్లు పనిచేశాను. ఇద్దరి మాటల్లోనూ కొంత వదిలేసినట్టు అనిపిస్తోంది.

7:27 నిలకడ పరుగు, 7:27 సగటు వచ్చే పరుగు-నడక గడియారానికి ఒకటే. కండరాలకు ఒకటి కాదు. పరుగులో ప్రతి అడుగుకూ రెండు పాదాలూ ఒక క్షణం గాలిలో ఉంటాయి, తర్వాత ఒంటికాలి మీద బరువంతా దిగుతుంది. నడకలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది, కాబట్టి దెబ్బ తగ్గుతుంది. జర్మనీలో కొత్తగా మారథాన్‌కు దిగినవారి మీద చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఒక బృందం ఆగకుండా పరుగెత్తింది, మరో బృందం ప్రతి రెండున్నర కిలోమీటర్లకూ ఒక నిమిషం నడిచింది. ముగింపు సమయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ నడిచినవారిలో కండరాల నొప్పి, అలసట తక్కువ. అయితే గుండె మీద పడిన భారాన్ని చూపే రక్త పరీక్షల్లో రెండు బృందాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే నడుస్తున్నాం కదా అని గుండె సంగతి పట్టించుకోకుండా ఉండకూడదు. నలభై దాటినవారు పరీక్షలు చేయించుకునే దిగండి.

మరో విషయం, ఇది మీకు 32 దగ్గర ఏం జరిగిందో చెబుతుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థం నిల్వ) సుమారు రెండు వేల కేలరీలు. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు దాదాపు 60 కేలరీలు ఖర్చవుతాయి, 42 కిలోమీటర్లకు 2,500 దాటుతుంది. కొంత కొవ్వు నుంచి వస్తుంది, కానీ వేగం పెరిగేకొద్దీ కొవ్వు వాటా తగ్గుతుంది. అందుకే 30 దాటాక ఇంధనం అడుగంటుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. రన్నర్లు వాడే ఎనర్జీ జెల్ పడకపోతే ఖర్జూరం, అరటిపండు, బెల్లం ముక్క. ఏదైనా సరే, లాంగ్ రన్‌లో ముందే అలవాటు చేసుకోవాలి. నడిచే నిమిషం తినడానికి చాలా అనువుగా ఉంటుంది. పరుగులో నమిలితే పొలమారుతుంది.

చివరిగా, దయచేసి ఇది అందరూ చదవండి. నెమ్మదిగా వెళ్ళేవారికి నీళ్ళు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా ప్రమాదం వస్తుంది. 2002 బోస్టన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ప్రమాణం కంటే తగ్గి ఉంది. దారిలో బరువు పెరిగేంతగా తాగినవారిలో, నాలుగు గంటలు దాటినవారిలో ఇది ఎక్కువ. ప్రతి నడక విరామంలోనూ ఒక కప్పు తాగితే అరవై కప్పులవుతాయి! దాహం వేసినప్పుడు తాగండి. తలనొప్పి, వాంతి, తికమక, చేతివేళ్ళ వాపు కనిపిస్తే ఆగి సహాయం అడగండి.

సాగరతీరం

కృష్ణాతీరం గారూ, ఈ నీళ్ళ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నిరుడు కనబడిన ప్రతి బల్ల దగ్గరా భయంతో తాగాను.

తొలికోడి గారూ, వేగం విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. కానీ మనసు విషయంలో నా అనుభవం వేరు. మా అమ్మకు 67 ఏళ్ళు. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తుంది. 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయలుదేరితే, తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఎలా నడుస్తావమ్మా అని అడిగితే, "32 నేనెప్పుడూ నడవలేదే, ఆ మజ్జిగ పందిరి దాకా నడుస్తాను, అక్కడి నుంచి ఇంకో పందిరి దాకా నడుస్తాను" అంది.

నిరుడు నేను ప్రతి అడుగులోనూ 42 మోశాను. 20 దగ్గర ఇంకా 22, 25 దగ్గర ఇంకా 17. నాలుగు నిమిషాలైతే నేను మోయగలను. ఇది తలుపు తీయడమని మీరంటున్నారు. నాకు మాత్రం అమ్మ చెప్పిన పందిరిలా కనిపిస్తోంది.

తొలికోడి

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆ మాట మా పిల్లలకు చెబుతాను.

అయినా ఒకటి అడుగుతాను. పందిరి కోసం నడవాలా? పరుగులోనూ పందిరి పెట్టుకోవచ్చు. ఆ దీపస్తంభం దాకా, ఆ మలుపు దాకా అనుకోవచ్చు. 1977లో మోర్గాన్, పొలాక్ అనే పరిశోధకులు మేటి మారథానర్లను అడిగితే, వాళ్ళు పరుగెత్తుతూ ఊపిరినీ, కాళ్ళనూ, వేగాన్నీ గమనిస్తూ ఉంటామన్నారు. సాధారణ రన్నర్లు నొప్పిని మరచిపోవడానికి మనసును వేరే చోటికి పంపుతామన్నారు. నడక గంట కోసం ఎదురుచూస్తూ పరుగెత్తే మనిషి తన శరీరాన్ని వింటున్నాడా, గడియారాన్ని వింటున్నాడా అన్నది నా భయం.

వాదనతో తేలేది కాదు. రెండూ చేసి చూడండి. ఒక ఆదివారం 28 కిలోమీటర్లు 7:30తో నిలకడగా. రెండు వారాల తర్వాత అదే దారిలో, అదే వేళకు, అదే తిండితో మీ పద్ధతి. చివరి ఐదు కిలోమీటర్ల వేగాలు రాయండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు ఎలా ఉందో కూడా రాయండి.

సాగరతీరం (మూడు వారాల తర్వాత)

రెండూ చేశాను. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు 14, తిరిగి 14. రెండుసార్లూ పొద్దున నాలుగున్నరకే బయలుదేరాను. ముందు రాగి జావ, దారిలో ఖర్జూరాలు.

నిలకడ పరుగు: 23 కిలోమీటర్ల దాకా 7:30. చివరి ఐదింటిలో ఎంత పట్టుబట్టినా 8:05కు పడిపోయింది. మొత్తం 3 గంటల 33 నిమిషాలు. మర్నాడు బ్యాంకు మెట్లు పక్కకు తిరిగి దిగాను.

పరుగు-నడక: మొత్తం 3 గంటల 29 నిమిషాలు. చివరి ఐదింటి సగటు 7:29. మెట్లు మామూలుగానే దిగాను. మీరన్నట్టు 25 దాటాక రెండుసార్లు, నిమిషం అయిపోయినా మళ్ళీ పరుగు అందుకోవడానికి మనసు ఒప్పలేదు. ఒకసారి 20 సెకన్లు, ఇంకోసారి 40 సెకన్లు ఎక్కువ నడిచాను. ఆ తర్వాత లెక్కపెట్టుకుంటూ పట్టు తెచ్చుకున్నాను. దాచకుండా రాస్తున్నాను.

ఇంకొకటి కూడా దాచకూడదు. రెండో ఆదివారం మబ్బు పట్టి ఉంది, సముద్రం మీది నుంచి గాలి వీచింది. మొదటి ఆదివారం ఆకు కదలలేదు.

డాలస్ తెలుగువాడు

నాలుగు నిమిషాల తేడా, మర్నాటి మెట్లు! నాకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అలసిన కాళ్ళకు ఒక నిమిషం ఎక్కువైతే 30 సెకన్లు నడిచి చూడండి. పరుగూ రెండు నిమిషాలకు తగ్గించుకోండి. నిష్పత్తి అదే, మళ్ళీ అందుకోవడం తేలిక.

తొలికోడి

నిజాయితీగా రాసినందుకు సంతోషం. చివరి ఐదు కిలోమీటర్లలో కిలోమీటరుకు అరనిమిషానికి పైగా తేడా చిన్నది కాదు. ఒక్క గాలి వల్లే అంత వచ్చిందని నేను వాదించను. కానీ గాలి వల్ల ఎంతో, నడక వల్ల ఎంతో నాకు తెలియాలి. మీకూ తెలియాలి, ఎందుకంటే ఆగస్టులో హైదరాబాద్‌లో ఉక్కే ఉంటుంది, మబ్బు ఉంటుందన్న హామీ లేదు.

వచ్చే నెల రెండో ఆదివారం నేను విశాఖ వస్తాను. 30 కిలోమీటర్లు. ఎండ తగలడానికి ఈసారి నాలుగున్నరకు కాదు, ఐదున్నరకు బయలుదేరదాం. మీ నాలుగు నిమిషాలు మీరు పరుగెత్తండి, మీ నిమిషం మీరు నడవండి. నేను పక్కనే 7:27తో ఆగకుండా వస్తాను. మీరు నడిచినప్పుడు నేను ముందుకు వెళతాను, పరుగెత్తినప్పుడు మీరు నన్ను అందుకోవాలి. 25 దాటాక ఎవరు ఎవరి కోసం చూడాల్సి వస్తుందో ఇక్కడే రాద్దాం.

సాగరతీరం

తప్పకుండా, మాస్టారూ. ఐదున్నరకు ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం ముందు ఉంటాను. ఖర్జూరాలు ఇద్దరికీ నేనే తెస్తాను. తిరిగి వచ్చాక ఇంటికి రండి, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.