ఫ్లైలు కట్టడం కొత్తగా నేర్చుకునేవారు ఏ నమూనాతో మొదలుపెట్టాలి?

ప్లాట్ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మేము డెన్వర్‌లో ఉంటున్నాము. కొన్నేళ్లుగా సౌత్ ప్లాట్ నదిలో, ముఖ్యంగా డెకర్స్ పరిసరాలలో, ట్రౌట్ చేపలు పడుతున్నాను. ఇంతవరకు వాడిన ఫ్లైలన్నీ (ఈకలు, దారం చుట్టి పురుగుల్లా కనిపించేలా చేసిన గాలాలు) దుకాణంలో కొన్నవే. ఈ చలికాలంలో సొంతంగా కట్టడం నేర్చుకుందామని గాలాన్ని బిగించి పట్టే వైస్, దారపు ఉండను పట్టే బాబిన్, కత్తెర కొన్నాను. అక్కడి చేపలు మిడ్జ్ అనే దోమల్లాంటి చిన్న పురుగులను ఎక్కువగా తింటాయి కనుక 20వ నంబరు గాలం మీద (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది) ఆ పురుగును పోలిన జీబ్రా మిడ్జ్ అనే ఫ్లై కడుతున్నాను గానీ, దారం మాటిమాటికీ తెగిపోతోంది. ఫెజెంట్ అనే పక్షి తోక పోగులతో చేసే ఫెజెంట్ టెయిల్ కట్టబోతే, దారం బిగించగానే తోక పోగులు గాలం కాడకు అవతలి పక్కకు జారిపోతున్నాయి. చివరి ముడి వేసే సమయానికి గాలం తలవైపు బెజ్జం దగ్గర చోటు మిగలడం లేదు. ఏ నమూనాతో మొదలుపెడితే మంచిది? కిట్ కొనడం మేలా? మరొక సందేహం: తూర్పు గోదావరిలో మా పెరట్లోకి నెమళ్లు వస్తుంటాయి. వేసవిలో మా అమ్మగారు ఇక్కడికి వచ్చేటప్పుడు, రాలిన ఈకలు కొన్ని తీసుకురావచ్చా?

పెద్ద గాలం:
నమస్కారమండీ. మీరు చెప్పిన ఇబ్బందులలో రెండు దారం పట్టుకు సంబంధించినవి. పోగులను కాడ పైన ఆనించి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో నొక్కి పట్టుకోండి. దారాన్ని ఆ రెండు వేళ్ల మధ్య నుంచి పైకి తెచ్చి, వదులుగా ఒక మెలిక వేసి, అవతలి పక్క నుంచి మళ్లీ వేళ్ల మధ్యకే దించి, వేళ్లు సడలించకుండా బాబిన్‌ను నిటారుగా కిందికి లాగండి. అలా లాగితే పోగులు పెట్టినచోటనే కుదురుకుంటాయి. పక్కకు లాగితే దారంతోపాటు అవీ తిరుగుతాయి. రెండు మూడు చుట్లు పడేదాకా వేళ్లు తీయవద్దు.

దారం తెగడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. గాలం మొనకు తగిలి దారం చిట్లడం, బాబిన్ గొట్టం అంచు గరుకుగా ఉండడం, బాబిన్ కాళ్లు ఉండను మరీ బిగబట్టడం. బాబిన్‌ను వదిలేస్తే తన బరువుకు జారకుండా వేలాడాలి, కొద్దిగా లాగితే దారం రావాలి. అంతకంటే బిగుతుగా ఉంటే దాని కాళ్లను కాస్త వెడల్పు చేయండి.

నమూనా విషయానికి వస్తే, 8వ నంబరు పొడవు కాడ గాలం మీద వూలీ బగ్గర్ కట్టమంటాను. పెన్సిల్వేనియాకు చెందిన రసెల్ బ్లెస్సింగ్ 1960లలో రూపొందించిన ఈ ఫ్లైకి మారబూ అనే మెత్తటి ఈకల తోక, నూగు దారంలాంటి షెనీల్‌తో ఒళ్లు, దానిమీద చుట్టిన కోడి ఈక ఉంటే చాలు. తోక కాడంత పొడవు ఉండాలి. పని మొదలుపెట్టేటప్పుడే బెజ్జం వెనుక దాదాపు బెజ్జమంత చోటు వదిలి, ఎంత ఆశ పుట్టినా షెనీల్‌ను అక్కడికి రానీయకండి. మీ మూడో ఇబ్బంది అక్కడ తీరుతుంది. 20వ నంబరు మీద కనిపించని తప్పు 8వ నంబరు మీద కంటికి ఎదురుగా కనిపిస్తుంది.

రాగితీగ:
పై సలహాలో దారం గురించి చెప్పినదంతా సరైనదే గాని, డెకర్స్‌లో వేటాడే వారిని మిడ్జ్‌ల నుంచి మళ్లించడం నాకు నచ్చలేదు. తాను కట్టిన ఫ్లైకి చేప పడితేనే కొత్తవారికి ఉత్సాహం నిలుస్తుంది. జీబ్రా మిడ్జ్‌కు కావలసింది ఒక పూస, దారం, సన్నని తీగ మాత్రమే. తోక లేదు, ఈక లేదు. 16వ నంబరుతో మొదలుపెట్టి, చేయి కుదిరాక 18కి, 20కి దిగండి. దారం 70 డెనియర్‌ది (డెనియర్ అంటే దారం మందానికి కొలత) తీసుకోండి. వేలాడుతున్న బాబిన్‌ను పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే దారం పురి విప్పుకుని చదునుగా పరుచుకుంటుంది, ఒళ్లు లావెక్కదు.

ఫెజెంట్ టెయిల్ మీకు మరీ ఇష్టమైతే, ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ పద్ధతిని ప్రయత్నించండి. ఆయన అసలు దారమే వాడలేదు. సన్నని రాగితీగతోనే పోగులను కట్టి, ఆ తీగతోనే ఫ్లైకి బరువు కూడా తెచ్చారు. తీగ అంత తేలికగా తెగదు.

కిట్ మాత్రం వద్దు. పది రకాల సరుకు చిటికెడు చిటికెడు వస్తుంది, ఏ ఒక్క ఫ్లైనీ డజను కట్టడానికి సరిపోదు. ఒక నమూనా ఎంచుకుని దానికి కావలసినవే కొనండి.

ఈకల పెట్టె:
నెమలి ఈకల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక రాస్తున్నాను. దయచేసి అమ్మగారి చేత తెప్పించుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలికి గట్టి రక్షణ ఉంది. సహజంగా రాలిన ఈకలకు దేశంలో మినహాయింపు ఉన్నా, వాటిని దేశం దాటించడం నిషిద్ధం. విమానాశ్రయంలో పెద్దావిడ ఇబ్బంది పడవలసి వస్తుంది. ఫ్లైల సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా నెమలి పోగుల కట్ట చవకగానే దొరుకుతుంది.

అమెరికాలో మరొక జాగ్రత్త కూడా అవసరం. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం ఇక్కడి అడవి పక్షులలో చాలావాటి ఈకలను, దారిలో పడి ఉన్నవైనా సరే, దగ్గర ఉంచుకోరాదు. నది ఒడ్డున గద్ద ఈకో, కొంగ ఈకో కనిపిస్తే అక్కడే వదిలేయండి. పెంపుడు కోళ్ల ఈకలకు ఈ బెడద లేదు. దుకాణంలో ఇండియన్ కేప్ పేరుతో దొరికే కోడి మెడ ఈకలు ఖరీదైన జాతి కోళ్ల ఈకలంత పొడవుండకపోయినా, నేర్చుకునేవారికి బాగా సరిపోతాయి.

ప్లాట్ ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారికి వద్దని చెప్పేశాను. 16వ నంబరు గాలాలు, 70 డెనియర్ నల్లదారం తెప్పించుకుంటున్నాను. వూలీ బగ్గర్‌కు కావలసినవి కూడా తీసుకుంటాను. మిత్రుడొకరు తాను వేటాడిన ఫెజెంట్ తోక ఇస్తానంటున్నారు. దానిని నేరుగా వాడవచ్చా?

ఈకల పెట్టె:
వాడవచ్చు, కాని నేరుగా మిగతా ఈకల పక్కన పెట్టకండి. శుద్ధి చేయని ఈకలలో చిమ్మెట గుడ్లు ఉంటే మొత్తం సామాను పాడవుతుంది. గాలి చొరని సంచిలో మూసి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఒక రోజు బయట పెట్టి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ తరువాత కూడా ఆ తోకను విడి సంచిలోనే దాచుకోండి.