నలభై దాటాక మొదలుపెట్టాలంటే పికిల్‌బాలా, రెడ్ బాల్ టెన్నిసా? విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

పటమట_బ్యాంకు:
వయసు 43. బ్యాంకు ఉద్యోగం, పొద్దుగూకేదాకా కుర్చీలోనే. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరుగారు నడవమన్నారు కానీ నడక బోరు కొట్టేసింది. వీధి క్రికెట్ తప్ప ఏ ఆటా రాదు. మా అపార్ట్‌మెంట్ వెనక సిమెంటు బ్యాడ్మింటన్ కోర్టు ఒకటి ఖాళీగా పడి ఉంది. ఆఫీసులో అందరూ పికిల్‌బాల్, పికిల్‌బాల్ అంటున్నారు, అదే, చిన్న కోర్టులో గట్టి ప్యాడిల్, ప్లాస్టిక్ బంతితో ఆడేది. నాకేమో ఎప్పటినుంచో టెన్నిస్ మీద మోజు. ఒక కోచ్‌ని అడిగితే, "ఒకేసారి ఫుల్ కోర్టు వద్దు సార్, చిన్న కోర్టులో రెడ్ బాల్‌తో మొదలుపెట్టండి" అన్నారు. అది చిన్నపిల్లల ఆట కదా? పెద్దాళ్లు ఎవరైనా ఆడుతున్నారా?

బ్రాడీపేట_4_14:
పిల్లల కోసం తెచ్చిందే, కానీ పిల్లలే ఆడాలని ఎవరూ రాసిపెట్టలేదండి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో ‘ప్లే అండ్ స్టే’ మొదలుపెట్టి మూడు రకాల బంతుల్ని ప్రచారంలోకి తెచ్చింది. మామూలు బంతి కంటే ఎర్రది 75 శాతం నెమ్మది, ఆరెంజ్ 50, గ్రీన్ 25. ఎర్ర బంతి కోర్టు పొడవు 36 అడుగులు. అసలు టెన్నిస్ కోర్టు 78. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని 2012 నుంచి రూలే పెట్టారు. అమెరికా టెన్నిస్ సంఘం ఇప్పుడు పెద్దవాళ్లనీ ఈ ఎర్ర బంతితో ఆడమంటోంది. జనమంతా పికిల్‌బాల్‌కి తరలిపోతుంటే వాళ్లు మాత్రం ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటారు!

అసలు సుఖం ఎక్కడుందంటే, బంతి మన నడుము దాకానే లేస్తుంది. పసుపు బంతి భుజం ఎత్తుకి వస్తే కొత్తవాళ్లకి కాళ్లు ఎటు వేయాలో తోచదు. రాకెట్ అడ్డం పెట్టేస్తారు, బంతి ఫెన్సింగ్ అవతల పడుతుంది. గంట ఆటలో సగం బంతులేరుకోవడమే. ఎర్ర బంతిని ఫోర్‌హ్యాండ్ పూర్తిగా తిప్పి కొట్టినా లోపలే పడుతుంది, అవతలివాళ్లు తిరిగి పంపుతారు. రాకెట్ పిల్లలది కొనకండి, 27 అంగుళాల మామూలుదే చాలు.

గురునానక్‌కాలనీ_డింక్:
అన్నీ బాగానే ఉన్నాయి సార్, రెడ్ బాల్ ఆడటానికి రెండో మనిషి ఏడీ? పికిల్‌బాల్‌కి ఒక్కరే వెళ్లినా ముగ్గురు దొరుకుతారు. వాట్సాప్ గ్రూపులో "ఇవాళ ఎవరు వస్తున్నారు" అని పడేస్తే చాలు.

మొదటి రోజే పాయింట్లు ఆడేస్తారు, గ్యారంటీ. సర్వీసు మామూలుగా నడుము కింద నుంచే వేస్తారు కాబట్టి ఏస్‌లు (మనం తాకలేని సర్వీసులు) కొట్టి ఏడిపించేవాడు ఉండడు. సర్వీసుని, రిటర్న్‌ని ఒక్కో బౌన్స్ అయ్యాకే కొట్టాలి. నెట్‌కి అటూ ఇటూ 7 అడుగులు కిచెన్, అందులో నిలబడి వాలీ, అంటే బంతి నేల తాకకముందే, కొట్టకూడదు. అందుకే ఆరడుగుల కుర్రాడు కూడా నెట్ మీద పడిపోయి స్మాష్‌లు బాదలేడు. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ ఎల్‌ఐసీ బాబాయ్ ఉన్నారు. పరిగెత్తరు. బంతిని మెత్తగా కిచెన్‌లోకి జారవిడుస్తూ, మన ఓపిక నశించి గట్టిగా కొట్టేదాకా అలా కూర్చోబెడతారు. 11 పాయింట్లకి గేమ్ అయిపోతుంది, బయట నిలబడ్డవాళ్లు లోపలికొస్తారు. టెన్నిస్‌లో ఈ సందడి ఉండదండి.

బ్రాడీపేట_4_14:
సందడి సంగతి ఒప్పుకుంటా. కానీ పికిల్‌బాల్ ఆడి ఆడి టెన్నిస్‌కి వచ్చినవాళ్లని చూశాను. వాలీ బ్రహ్మాండంగా ఉంటుంది, బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర నిలబెడితే మణికట్టుతో గీరుతారు తప్ప స్వింగ్ రాదు. ఎర్ర బంతితో మొదలైనవాళ్లు అదే స్వింగ్‌తో ఆరెంజ్‌కి, అక్కణ్నుంచి గ్రీన్‌కి పోతారు. ఆయనకి టెన్నిస్ మీద మోజు అని ఆయనే అన్నారుగా.

గురునానక్‌కాలనీ_డింక్:
మోజు వేరు, వారానికి నాలుగు రోజులు చెమట పట్టడం వేరు. మన ఉయ్యూరు సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. అయినా మన ఊళ్లో ఎవరి సంచీలో చూసినా షటిల్ రాకెట్టే. జనం ఎక్కడుంటే ఆట అక్కడే బతుకుతుంది.

విద్యానగర్_గుంటూరు:
జనం సంగతి కాదు బ్రో, అద్దె సంగతి. ఒక టెన్నిస్ కోర్టు స్థలంలో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు పడతాయి. అక్కడ డబుల్స్ ఆడేది నలుగురు, ఇక్కడ పదహారు మంది. ఓనరు ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. మా వైపు ఒక అకాడమీ, పేరు ఎందుకులే, మూడు నెలల ఫీజు ముందే కట్టించుకుని ఉన్న ఒక్క టెన్నిస్ కోర్టు మీద పికిల్ గీతలు గీసేసింది. డబ్బు వెనక్కి అడిగితే "ప్యాడిల్ ఫ్రీగా ఇస్తాం, ఆడుకోండి" అన్నారు. ఆ లెక్కన రెడ్ బాల్ కోర్టులూ అదే స్థలంలో నాలుగు పడతాయి కదా అంటే మొహం చూశారు తప్ప సమాధానం లేదు.

మొగల్రాజపురం_అక్క:
శబ్దం గురించి ఎవరూ చెప్పలేదేంటి? మా అపార్ట్‌మెంట్‌లో పికిల్‌బాల్ పెడితే రెండో వారానికే గొడవ. ఆ ప్లాస్టిక్ బంతి గట్టి ప్యాడిల్‌కి తగిలితే టకటకా మూడో అంతస్తు బెడ్‌రూమ్‌లో కొట్టినట్టే ఉంటుంది. ఇంటర్ పిల్లలున్న ఇళ్లు, ఎవరు ఊరుకుంటారు? రాత్రి 8 తర్వాత ఆడొద్దని అసోసియేషన్ నోటీసు పెట్టింది. మాకు వంటలు, హోంవర్కులు అయ్యేదే 8కి!

మా బాబు టెన్నిస్ నేర్చుకున్నప్పటి ఎర్ర బంతులు అటక మీద ఉంటే దించాం. నేనూ, ఎదురింటి పద్మక్కా, చుడీదార్లలోనే. బంతి మీద నూగు ఉంటుంది కదా, శబ్దం ‘డుబ్’ అంతే. సర్వీసు పైనుంచి రాకపోతే కిందనుంచి వేస్తాం, ఎవరు అడుగుతారు. మొదట్లో అయిదారు దెబ్బలకే ర్యాలీ తెగేది, ఇప్పుడు మాట్లాడుకుంటూ ఆడేస్తాం. ఒకటే ఇబ్బంది. సిమెంటు మీద నూగు అరిగిపోయి బంతి బోడిగా అయిపోతుంది, అప్పుడు జారిపోతూ వేగంగా వస్తుంది. ఇంకొకటి, వానాకాలం లైట్ల కింద ఆడితే పురుగులు నోట్లోకి వెళ్తాయి. అది ఏ ఆటకైనా తప్పదనుకోండి.

లబ్బీపేట_ఫిజియో:
నా దగ్గరికి రెండు రకాలవాళ్లూ వస్తారు కాబట్టి పక్షపాతం లేదు. చిన్న కోర్టే కదా అని వార్మప్ లేకుండా దిగిపోవడమే అసలు జబ్బు. పికిల్‌బాల్‌లో తలమీదుగా వెళ్లే లాబ్ కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ పడిపోతారు. నలభై దాటినవాళ్లు ఆ అలవాటు ముందే మానాలి, తిరిగి పరిగెత్తాలి. పిక్క కండరం, మడమ వెనక నరం పట్టేయడం రెండింట్లోనూ ఉంది. ఎర్ర బంతి 36 నుంచి 49 గ్రాములు, మామూలు టెన్నిస్ బంతి 56 పైన. అందుకని మోచేతి మీద భారం కాస్త తక్కువ. అలాగని గ్రిప్ బిగించి పట్టుకుంటే టెన్నిస్ ఎల్బో (మోచేతి నొప్పి) దేనితోనైనా వస్తుంది.

సిమెంటు కోర్టు అన్నారు, బ్యాడ్మింటన్ గమ్ సోల్ బూట్లతో దిగకండి. సోల్ ఇట్టే అరిగిపోతుంది, పాదానికి ఆసరా ఉండదు. షుగర్ మాత్రలు మొదలైతే పరగడుపున ఆడొద్దు. రోహిణి కార్తెలో సాయంత్రం 5కి ఆ సిమెంటు మీద నిలబడటం కూడా వద్దు, పొద్దున్నే ఆడుకోండి.

రిటైర్డ్_పీఈటీ:
గుంటూరు జిల్లా స్కూళ్లలో పని చేశాను. మా పిల్లలకి టెన్నికాయిట్ (రింగ్ ఆట), బాల్ బ్యాడ్మింటన్ ఆడించినవాణ్ని. టెన్నికాయిట్ డబుల్స్ కోర్టు 40 అడుగులు, 18 అడుగులు. మీ రెడ్ బాల్ కోర్టు 36, 18. దాదాపు అదే స్థలంలో ఆడపిల్లలు చెమటలు కక్కేలా ఆడేవాళ్లు. చిన్న కోర్టు అంటే తేలిక ఆట అనుకోకండి.

పటమటగారూ, మీ బ్యాడ్మింటన్ కోర్టు 44, 20. పికిల్‌బాల్‌దీ సరిగ్గా అంతే. 1965లో అమెరికాలోని బైన్‌బ్రిడ్జ్ దీవిలో, ఇంట్లో బోరు కొడుతోందన్న పిల్లల కోసం పెద్దవాళ్లు పాత బ్యాడ్మింటన్ కోర్టులోనే దాన్ని తయారుచేశారు. కాబట్టి బయటి గీతలు మార్చక్కర్లేదు. నెట్‌కి ఆరున్నర అడుగుల దగ్గర షార్ట్ సర్వీస్ లైన్ ఉంటుంది, దానికి అర అడుగు వెనక సుద్దతో గీస్తే కిచెన్ వచ్చేస్తుంది. నెట్ 5 అడుగుల నుంచి మధ్యలో 34 అంగుళాలకి దించాలి. రెడ్ బాల్‌కి 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాల పైచిలుకు. రెండింటికీ ఒకే ఎత్తు ఉంచినా కొంపలేం మునగవు. రెడ్ బాల్ కోర్టుకి ఆ గీతల లోపలే రెండు చివర్లా 4 అడుగులు, పక్కల అడుగు వదిలి గీసుకోండి.

ఇవన్నీ సరే, గీత వెనక గోడ ఎంత దూరంలో ఉందో అది చెప్పండి ముందు.

పటమట_బ్యాంకు:
టేపు పెట్టి చూశాను మాస్టారూ. గేటు వైపు 9 అడుగులు, ఇంకోవైపు జనరేటర్ షెడ్డు, 5 అడుగులే.

రిటైర్డ్_పీఈటీ:
అయితే తేలిపోయింది. 5 అడుగుల్లో పికిల్‌బాల్ డీప్ సర్వీసు (చివరి గీత దగ్గర పడేది) తీసుకోవాలంటే వీపు షెడ్డుకి ఆనుతుంది. రెడ్ బాల్ గీస్తే అటు 9, ఇటు 13 అడుగులు దొరుకుతాయి. స్వింగ్‌కి చోటుంటుంది. ఇంటి దగ్గర రెడ్ బాల్ ఆడండి, సందడి కావాలనిపించిన రోజు గురునానక్ కాలనీ పోండి.

పటమట_బ్యాంకు:
థాంక్స్ మాస్టారూ. నెట్ దించితే షటిల్ బ్యాచ్ ఊరుకోరేమోనని టెన్షన్. సెక్రటరీగారిని అడగాలి.

మొగల్రాజపురం_అక్క:
నెట్ దించొద్దు, పైన ఉన్నదాన్ని అలాగే ఉంచి కింద ఇంకో తాడు కట్టి, దాని మీద పాత చీర ఆరేయండి. బంతి ఆ రెండింటి మధ్య నుంచి పోతుంది. మేము అలాగే ఆడుతున్నాం.

రిటైర్డ్_పీఈటీ:
పై నెట్ కింది అంచు, మీ తాడు మధ్య చోటు చూసుకోండమ్మా. బ్యాడ్మింటన్ నెట్ వెడల్పు రెండున్నర అడుగులు. అంటే దాని కింది అంచు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. సందు ఎక్కణ్నుంచి వచ్చింది?

మొగల్రాజపురం_అక్క:
మా నెట్ సగానికి చిరిగిపోయిందిలెండి మాస్టారూ.

గురునానక్‌కాలనీ_డింక్:
సెక్రటరీగారు ఒప్పుకోకపోతే శనివారం పొద్దున్న 6కి ఇటు రండి సార్. ఎల్‌ఐసీ బాబాయ్‌కి పార్ట్‌నర్ లేరు.