కడప పాత స్పెల్లింగును ‘కుడ్డపా’ అని చదవచ్చా?

దొరలకు నోరు తిరగక కడపను ‘కుడ్డపా’ చేశారన్న మాట నిన్న మళ్లీ వచ్చింది. నేను ఒప్పుకోను. నోరు తిరగని మాట నిజమే కావచ్చు, కానీ ఆ స్పెల్లింగు అందుకు సాక్ష్యం కాదు.

సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్. వీటిని ఆనాటి ఇంగ్లీషు చదువరిలా చదవండి. బస్సు, కప్పు స్పెల్లింగుల్లో ఉన్నది యు, పలికేది ‘అ’. కాబట్టి సి, యు కలిస్తే ‘క’. రెండు డిలు వచ్చాయంటే ముందున్న అచ్చును సాగదీయొద్దని. కలిపి చదివితే దాదాపు మన కడపే. ‘కుడ్డపా’ అన్నది ఆ అక్షరాలను ఇప్పటి అలవాటుతో మనం చదువుకున్న తీరు.

అదే పద్ధతి కర్నూలులో ఇప్పటికీ ఉంది. కె తర్వాత యు రాస్తాం, ‘కర్’ అంటాం. కంభం స్టేషన్ బోర్డు చూడండి, రెండు చోట్లా యు! యు ‘అ’కి పోయింది కాబట్టి ‘ఉ’కి జంట ఓ మిగిలింది. గుత్తి స్పెల్లింగులో జంట ఓ అలా వచ్చిందే.

1870ల తర్వాత ప్రభుత్వం, మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే హంటర్ పద్ధతికి మారింది. అందులో ‘అ’కి ఎ, ‘ఉ’కి యు. అయితే అప్పటికే వాడుకలో స్థిరపడ్డ పేర్లను చాలావరకు కదపలేదు. కడపకు కొత్త స్పెల్లింగు 2005లో వచ్చింది. మంచిదే, మన ఊరి పేరు మనకు నచ్చినట్టు రాసుకోవాలి. కానీ దాన్ని కూడా బయటివాళ్లు ‘కదపా’ అని చదువుతుంటారు. డకీ దకీ తేడా చూపించడం పాత స్పెల్లింగు వల్ల కాలేదు, కొత్తదాని వల్లా కాదు.

పాత రికార్డులు వెతికేవాళ్లు ఈ రూపాలు తెలుసుకోక తప్పదు. 1923 కాంగ్రెస్ మహాసభ కాకినాడలోనే జరిగింది, కానీ అప్పటి ఇంగ్లీషు కాగితాల్లో కె అక్షరంతో వెతికితే దొరకడం కష్టం. అక్కడ ఉన్నది సితో మొదలయ్యే ‘కోకనాడ’.

— బాగా చెప్పారండీ. మరి శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ చేసింది కూడా ఈ పద్ధతేనా?

— కాదండీ, అది వేరే కథ. ఇంగ్లీషువాళ్ల చేతికి రాకముందే, నవాబుల పాలనలోనే అది చికాకోల్ సర్కారు (సర్కారంటే అప్పట్లో జిల్లా లాంటి ప్రాంతం). ఇంగ్లీషువాళ్లు ఆ పేరునే ఎక్కించుకున్నారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కోడ్ ఈరోజుకీ సి, హెచ్, ఇ.