ఫోకల్ లెంగ్త్ తగ్గిస్తే వివరం పోతుందా?

చుక్కలరేడు:
నా టెలిస్కోపు అద్దం 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (నాభ్యంతరం) 2032 మి.మీ. కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు. ఎం51 గెలాక్సీ తీస్తుంటే చుట్టూ ఉన్న నక్షత్రాలన్నీ ఉబ్బిపోయి వస్తున్నాయి. ఫోకల్ లెంగ్త్ తగ్గించే కటకం, అదే రెడ్యూసర్, పెట్టుకోమని కొందరు, పెడితే వివరం పోతుందని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

తోకచుక్క:
రెడ్యూసర్ పెట్టండి. పిక్సెల్ మైక్రాన్లను 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించండి. మీకు పిక్సెల్‌కు 0.38 ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండ్) వస్తుంది. మైదాన ప్రాంతాల్లో గాలి కదలికకు నక్షత్రం 3 ఆర్క్ సెకండ్ల దాకా పరుచుకోవడం మామూలే. అంటే ఒక్కో నక్షత్రం 8 పిక్సెళ్ల వెడల్పు! అందులో రెండు మూడు చాలు, మిగతావన్నీ అదే మసకను మళ్లీ మళ్లీ కొలుస్తున్నాయి. 0.63 రెడ్యూసర్‌తో 1280 మి.మీ. అవుతుంది, పిక్సెల్‌కు 0.61. పోయేదేమీ లేదు, పైగా ఆకాశం ఎక్కువ పడుతుంది.

మూలా నక్షత్రం:
ప్రతి రాత్రీ గాలి అలాగే ఉంటుందా? నిలకడగా ఉన్న రాత్రి ఆ చిన్న పిక్సెళ్లే అక్కరకొస్తాయి. ఇప్పటి సీమాస్ కెమెరాల్లో రీడ్ నాయిస్ (పిక్సెల్‌ను చదివేటప్పుడు చేరే గోల) చాలా తక్కువ. పిక్సెళ్లు ఎక్కువనిపిస్తే తర్వాత కంప్యూటర్లో 2×2 బిన్నింగ్ చేసుకోవచ్చు, అంటే నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలుపుకోవచ్చు. అసలు పట్టుకోని వివరాన్ని మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపునే చూడండి. అద్దం 2.4 మీటర్లు, 1995లో డీప్ ఫీల్డ్ అనే సుదూర గెలాక్సీల ఫొటో తీసిన కెమెరా పిక్సెల్ 0.1 ఆర్క్ సెకండ్. అద్దం సామర్థ్యానికి అది పెద్దదే. అందుకే గురిని కొద్దికొద్దిగా జరుపుతూ తీసి, డ్రిజిల్ పద్ధతిలో కలపాల్సి వచ్చింది.

తోకచుక్క:
హబుల్‌కు గాలి బెడద లేదు కదండీ, ఆ పోలిక ఇక్కడ అతకదు. గ్రహాల విషయంలోనైతే మీతో వాదించను. అక్కడ సెకనులో చిన్న వంతు నిడివి ఫ్రేములు వేలల్లో తీసి, బాగున్నవే ఏరుకుంటాం. కాబట్టి పొడవైన ఫోకల్ లెంగ్త్ ఉపయోగపడుతుంది. గెలాక్సీకి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇస్తుంటే ఆ ఏరుకునే అవకాశమే లేదు.

మూలా నక్షత్రం:
సరే, కానీ ఉబ్బడానికి కారణం గాలేనని ఎవరు తేల్చారు? చుక్కలరేడు గారూ, కొనేముందు ఒక పని చేయండి. ఒకే నక్షత్రాన్ని 5 సెకన్లు ఒకసారి, 300 సెకన్లు ఒకసారి తీసి వెడల్పు పోల్చండి. రెండింటిలోనూ ఒకేలా ఉబ్బితే గాలి లేదా ఫోకస్. రెండో దాంట్లోనే బాగా ఉబ్బితే గైడింగ్‌ను, అంటే టెలిస్కోపు గురి నక్షత్రం మీదే ఉండేలా సరిదిద్దే ఏర్పాటును, అనుమానించండి. ఫొటోలు రెండూ ఇక్కడ పెట్టండి.