జర్మనీలో స్పానిష్, యుగోస్లావ్ మూలాల రెండో తరాన్ని ఎలా పోల్చాలి?

పశ్చిమ జర్మనీ కార్మికుల కోసం స్పెయిన్‌తో 1960లో, యుగోస్లావియాతో 1968లో ఒప్పందం చేసుకుంది. 1973లో నియామకాలు ఆపేసింది. ఆ కార్మికుల పిల్లల చదువు, ఉద్యోగం, ఆదాయం పోల్చాలి. చిక్కంతా యుగోస్లావ్ వైపే ఉంది. 1990లలో యుద్ధం తరిమితే వచ్చిన, యుగోస్లావియాలో భాగాలైన బోస్నియా, కొసోవో శరణార్థుల్లో చాలామందికి తాత్కాలిక అనుమతే దక్కింది, పనిచేసే హక్కూ పరిమితమే. వాళ్లను పాత కార్మికుల కుటుంబాలతో కలిపేస్తే పోలికే తప్పుతుంది, అది రెండు వర్గాలకూ అన్యాయం. పౌరసత్వాన్ని బట్టి లెక్కిస్తే జర్మన్ పౌరులైనవాళ్లు జాబితాలోంచే జారిపోతారు. అందుకే 2005 నుంచి మైక్రోసెన్సస్‌లో (ఏటా జరిగే అధికారిక నమూనా సర్వేలో) ఉన్న వలస నేపథ్యం వివరాలే ఆధారం.

తల్లిదండ్రులు ఏ ఏట వచ్చారో దొరకనప్పుడు యుగోస్లావ్ కార్మికుల కుటుంబాలను, శరణార్థుల కుటుంబాలను ఎలా విడదీయాలి? స్పెయిన్‌కు తిరిగి వెళ్లిపోయిన కుటుంబాలు చాలా ఎక్కువ. దానివల్ల డేటాలో వచ్చే లోటును ఎలా సరిచేస్తారు? ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.